లాజరుగారి ఆఖరి ప్రమోషన్

పోయినవారం మనం వదిలేసి వచ్చేసరికి ప్రమీల తెనాలిలో తన వంటింట్లో నిలబడి ఉంది. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో గరిటె. పొయ్యి మీద పప్పు అడుగంటుతోంది. ఫోనులో అవతలి మనిషి పేరు జయకృష్ణ. డెబ్భై ఏళ్ల కిందట మద్రాసుకీ బెజవాడకీ మధ్య విమానాలు తిప్పి, తిప్పినవాటిలో కొన్నింటిని కూల్చుకుని, చివరికి మూతబడిపోయిన సర్కార్స్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ ప్రమాదాల చరిత్ర రాస్తున్నాడాయన. రిటైరైన ఇంజినీరు. రిటైరైనవాళ్లు మామూలుగా కుండీల్లో మొక్కలు పెంచుతారు, లేకపోతే అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీ అయి నీళ్ల మోటారు గురించి పోట్లాడతారు. ఈయన మాత్రం విమానాలు ఎందుకు కూలాయో కనుక్కుంటున్నాడు.

"మీ తాతగారు కెప్టెన్ లాజరుగారే కదండీ? శిలాఫలకం ఆహ్వానం వాట్సాప్‌లో చూశాను," అన్నాడు.

"అవునండి," అంది ప్రమీల, కాస్త గర్వంగానే.

"ఇన్నాళ్లూ ఆ కెప్టెన్ పేరు దొరక్క నా పుస్తకం ఆగిపోయిందండి. విచారణ రిపోర్టంతా ఎక్కడో పోయింది. తీర్పు ఒక్కటే మిగిలింది. అడవులదీవి దగ్గర కూలిన ఆ విమానానికి కెప్టెన్‌దే తప్పు అని తేల్చారు. అంతమంది ప్రాణాలూ ఆయన పొరపాటు వల్లే పోయాయని. ఇప్పుడు పేరు రాసేస్తాను. ఏమనుకోకండి," అని ఎంతో మర్యాదగా చెప్పాడు.

ఏమనుకోవాలో ప్రమీలకి తెలియలేదు. పప్పు మాత్రం మాడిపోయింది.

అసలు ఇందులో జయకృష్ణ తప్పేమీ లేదు. ఉన్న తప్పంతా లాజరుగారి ప్రమోషన్లది.

చనిపోయేనాటికి లాజరుగారు విమానాల మెకానిక్. పాతికేళ్లు నిండీ నిండని మనిషి. ఆ సంగతి అప్పట్లో రేపల్లెలో అందరికీ తెలుసు. తర్వాత ఆయన తమ్ముడికి సంబంధాలు చూస్తున్నప్పుడు, మెకానిక్ అంటే సైకిల్ షాపు అనుకుంటారేమోనని, ఇంజినీరన్నారు. చెల్లెలికి తెనాలి సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు తాలూకాఫీసులో గుమాస్తా అని తెలిసేసరికి ఇంజినీరు సరిపోలేదు, కో-పైలటయ్యాడు. తండ్రి పోయిన కొన్ని నెలలకి పుట్టిన ఆయన ఒక్కగానొక్క కూతురు స్వర్ణలత టీచరు ట్రైనింగ్ పూర్తిచేసి పెళ్లికి సిద్ధమయ్యేసరికి, ఆయన కెప్టెన్. బతికున్నవాళ్లు ఒక్క ప్రమోషన్ కోసం పాతికేళ్లు ఆఫీసర్ల ఇళ్లకి మామిడిపళ్ల బుట్టలు మోస్తుంటే, లాజరుగారు రేపల్లె సమాధుల తోటలో కదలకుండా పడుకుని అన్నీ అందుకున్నారు.

ఒక్క సంగతే ఎవరికీ తట్టలేదు. విమానం కూలితే ముందు అడిగేది కెప్టెన్నే. ఇంటిల్లిపాదీ కలిసి ఎంతో ప్రేమగా, మెట్టు మెట్టూ ఎక్కించి, పెద్దాయన్ని తీసుకెళ్లి బోనులో నిలబెట్టారు.

ఫలకం తెనాలిలోనే చెక్కించారు. ఆదివారం ఆరాధన అయ్యాక రేపల్లెలో సమాధి దగ్గర ఆవిష్కరణ. లాజరుగారి తమ్ముడి కొడుకు బర్నబాస్ చర్చి కమిటీలో ఉన్నాడు కాబట్టి ఏర్పాట్లన్నీ అతనివే. పైన 'కెప్టెన్ లాజరు' అని ఒక వరస. కింద దాతల పేర్లు, హోదాలతో సహా, మిగతా రాయంతా. దాతల అక్షరాలే కాస్త పెద్దవి.

జయకృష్ణ చెప్పింది విన్నాక, ప్రమీల తల్లి, డెబ్భై మూడేళ్ల స్వర్ణలత, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, రాత్రంతా ఆ ఆహ్వానం చదువుతూ కూర్చుంది. తెల్లారగానే శిల్పికి ఫోన్ చేసింది.

"కెప్టెన్ తీసేసి కో-పైలటని వేయొచ్చా బాబూ?"

"అక్షరాలు పెంచమంటే పెంచుతానమ్మా," అన్నాడతను. "తగ్గించడం మాత్రం రాయికి తెలీదు."

ఆవిడ ఫోను పెట్టేసింది. తాతయ్య నిజంగా కెప్టెనేనా అని ప్రమీల ఎన్నడూ అడగలేదు, ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. ఆవిడకి తెలుసో తెలియదో ఆవిడకే తెలియదని ప్రమీల అనుమానం. కానీ ముఖం కూడా చూడని తండ్రి కదా. ఆయన గురించి ఆవిడ దగ్గరున్నదల్లా ఆ హోదా, ఆ సమాధి, ఆ శవం చేతికి ఉన్న వాచీ, అంతే. ఇప్పుడు ఎవరో వచ్చి ఆయన పదిమందిని చంపినవాడని పుస్తకంలో అచ్చువేస్తానంటున్నాడు.

"ఆ విమానంలోంచి బతికి బయటపడ్డ మనిషి ఒకాయన ఉన్నాడన్నాడా లేదా ఆ ఇంజినీరు?"

"ఉన్నారంట. బాపట్లలో. నన్నే సాహెబ్ అని. అప్పటికి తొమ్మిదేళ్ల పిల్లాడంట. ఇంతవరకూ ఎవరికీ ఏమీ చెప్పలేదంట అమ్మా."

"మనకి చెప్తాడు. మా నాన్న తప్పేం లేదని ఒక్క మాట అంటే చాలు. ఆయన చేతే ఆ ఇంజినీరుకి చెప్పిద్దాం. పద."

తెనాలి నుంచి బాపట్లకి రైల్లో గంట కూడా పట్టదు. ఆ ప్రయాణానికి స్వర్ణలత పులిహోర, పెరుగన్నం, రెండు పెద్ద సీసాల నీళ్లు, ఒక దుప్పటి, తలనొప్పి మందు సర్దింది. తెనాలి పొలిమేర దాటాక దొరికే నీళ్లన్నీ విషమని ఆవిడ గట్టి నమ్మకం. రైల్లో ఎదురు సీటు ఆవిడ "ఎక్కడిదాకా తిరుపతేనా?" అనడిగింది. బాపట్ల అని చెప్పడానికి ప్రమీల సిగ్గుపడి, ఊరుకుంది.

స్వర్ణలత మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎడమచేతికి తండ్రి వాచీ. పెళ్లిలో ఆయన మామగారు పెట్టిన వెండి వాచీ, వెనక లాజరు అని పేరు చెక్కి ఉంటుంది. విమానం పడ్డప్పుడే ఆగిపోయింది. ఆవిడ దాన్ని ఈస్టరుకి సమాధి దగ్గరికి వెళ్లేటప్పుడు తప్ప పెట్టుకోదు. ఈరోజు ఈస్టరు కాదు.

"అమ్మా, ఒకవేళ ఆయన వేరేలా చెప్తే?"

"ఎలా చెప్తాడే?"

"ఏమో. నిజంగానే తాతయ్య పొరపాటు ఉందంటే?"

"ఉందంటే, ఉందనే మాట నా మొహం మీద అనమంటాను," అంది స్వర్ణలత. "నలభై ఏళ్లు పిల్లల్ని చూశాను. అబద్ధం చెప్పేవాడు నా కళ్లలోకి చూడలేడు."

నన్నే సాహెబ్ ఇల్లు రైల్వే గేటు అవతల సందులో. వరండాలో రెండు కుట్టుమిషన్లు, తాడు మీద ఆరేసిన జాకెట్లు. తలుపు తీసింది ఆయన కూతురు మెహరున్నీసా, యాభై దాటిన మనిషి, మెళ్లో కొలతల టేపు.

"రండక్కా, రండి పెద్దమ్మా. మీరు ఫోన్ చేశారని అబ్బాకి చెప్పాను. వద్దనలేదు. అంటే సరే అన్నట్టే. ఆయనకి చెవులు బాగానే పనిచేస్తాయి, ఇష్టంలేనివి మాత్రం వినపడవు."

లోపల మడత కుర్చీలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్లగడ్డం, ఉతికిన లాల్చీ. ఒక కాలు రెండోదానికంటే పొట్టి. అది ఆ విమానం ఇచ్చిందే అని చూడగానే తెలుస్తోంది. పక్కన చేతికర్ర.

మెహరున్నీసా సేమ్యా పాయసం తెచ్చింది. స్వర్ణలత ఇప్పుడే తిన్నామంది. మెహరున్నీసా కొంచెమే కదా అంది. స్వర్ణలత షుగరంది. మెహరున్నీసా చక్కెర తక్కువే వేశానంది. ఇద్దరూ మర్యాదకి ఓడిపోకుండా చాలాసేపు పోరాడారు. ఈలోగా ప్రమీల తన గిన్నె ఖాళీ చేసింది.

పెద్దాయన ఇదేమీ పట్టించుకోలేదు. ఆయన చూపంతా స్వర్ణలత ముఖం మీదే ఉంది.

"మీరు లాజరుగారమ్మాయి," అన్నాడు. అడగడం కాదది.

"అవును సాహెబ్‌గారూ. మిమ్మల్ని కష్టపెట్టడానికి రాలేదు. ఒక్క మాట కోసం వచ్చాను." హెడ్‌మిస్ట్రెస్ గొంతు సర్దుకుంది. "ఆ రోజు విమానంలో ఉన్నవాళ్లలో మీరొక్కరే మిగిలారు. మా నాన్నగారి తప్పు వల్ల కూలిందని ఒకాయన పుస్తకం రాస్తున్నాడు. మా నాన్నగారు విమానం సరిగ్గానే నడిపారని మీరు చెప్పాలి. అంతే."

"చెప్పలేనమ్మా."

స్వర్ణలత కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఎందుకని?" అంది స్వర్ణలత.

"ఆయన నడపలేదు కాబట్టి. నడిపింది డిమెల్లో అనే కెప్టెన్‌గారు. మంగుళూరు మనిషి. మీ నాన్న నా పక్క సీట్లో కూర్చున్నాడు. ఖాకీ చొక్కా, చేతులనిండా నూనె మరకలు. ఆ చేతుల్తో బఠాణీలు ఇస్తే నేను తీసుకోలేదు. మా నాన్న కసిరాడు, పెద్దవాళ్లు ఇస్తే తీసుకోవాలి అని."

ప్రమీల తల్లి వైపు చూడలేదు. చూడకపోయినా, ఆవిడ భుజాలు ఒక్కసారి దిగినట్టు తెలిసింది. ఆ దిగడంలో బాధ ఒక్కటే లేదు. ఇన్నేళ్లూ మోసిన బరువైన పెట్టె ఎవరో అందుకున్నట్టు కూడా ఉంది. హోదా పోయింది. కానీ హోదాతో పాటు నేరమూ పోయింది కదా.

స్వర్ణలతకి కూడా అదే తట్టినట్టుంది. "పోనీండి," అంది, నిదానంగా. "మెకానిక్కే అనుకుందాం. మెకానిక్ అయితే తప్పేముంది? చెమటోడ్చి బతికిన మనిషి. అదే చెప్పుకుంటాం."

ఈ మాట ఆ ఇంట్లో ఎవరైనా మొదట్లోనే అని ఉంటే మూడు పెళ్లిళ్లు సాదాగా జరిగిపోయేవి. అయినా ఇప్పటికైనా ఆవిడ అంది.

"అంతటితో అయిపోతే నేనూ నోరు విప్పేవాణ్ని కాదు," అన్నాడు నన్నే సాహెబ్.

"అబ్బా, నీళ్లు తాగు," అంది మెహరున్నీసా.

ఆయన తాగలేదు. "ఆ కంపెనీకి అంతకుముందే రెండు విమానాలు పోయాయి. ఒకటి వర్షంలో, ఒకటి కొండ తగిలి. రెండిటికీ కెప్టెన్‌దే తప్పన్నారు. చచ్చిపోయినవాళ్లు ఎదురు మాట్లాడరు కదమ్మా, కంపెనీకి అది సౌకర్యం. కానీ జనం ఎక్కడం మానేశారు. అప్పుడు కంపెనీ ఒక రూలు పెట్టింది. విమానం బాగుందని సంతకం పెట్టిన మెకానిక్, అదే విమానంలో ఎక్కి వెళ్లాలి. తను ఎక్కే విమానానికి ఎవడూ దొంగ సంతకం పెట్టడని వాళ్ల లెక్క. పేపర్లో ప్రకటన కూడా వేశారంట. భద్రత కోసం వాళ్లు చేసిన పని అదొక్కటే. ఇంజన్లు మార్చడం కంటే అది చవక."

"ఆ రోజు సంతకం..." అంది ప్రమీల.

"మీ తాతే. ఎడమ ఇంజను నూనె కక్కుతోందని ముందే చెప్పాడు. ఒక్కరోజు ఆపమన్నాడు. మేనేజరు ఒప్పుకోలేదు. టపా మూటలు వెళ్లాలి, టిక్కెట్లు అమ్మేశాం, నువ్వు పెట్టకపోతే పెట్టేవాడు బయట నిలబడి ఉన్నాడన్నాడు. ఈయనకి కొత్త పెళ్లి, రేపల్లెలో భార్య కడుపుతో ఉంది. సంతకం పెట్టాడు. పెట్టి, రూలు ప్రకారం ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా కిటికీలోంచి ఆ ఇంజను వైపే చూస్తూ ఉన్నాడు. బఠాణీలు నాకిచ్చాడు గానీ తను ఒక్కటీ తినలేదు. అప్పుడు నాకేం తెలుసు? ఇవన్నీ తర్వాత ఆయన చెప్తేనే కదా తెలిసింది."

పెద్దాయన ఆ మాట అనేసి నీళ్ల గ్లాసు అందుకున్నాడు. ప్రమీలకి మొదట ఏమీ అనిపించలేదు. పాయసం గిన్నె కింద పెట్టబోతూ, చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"తర్వాతంటే?" అంది. "తర్వాతంటే ఎప్పుడు తాతగారూ?"

మెహరున్నీసా టేపుని వేలికి చుట్టుకుంటూ తలదించుకుంది. ఆమెకి తెలుసు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

నన్నే సాహెబ్ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు.

"ఇంజను అంటుకుంది. కెప్టెన్‌గారు సముద్రం మీద నుంచి నేల వైపు తిప్పాడు. నీళ్లలో పడితే ఒక్కరూ మిగలరని ఆయనకి తెలుసు. అడవులదీవి అవతల మడ చెట్లలో, బురదలో దింపాలని చూశాడు. ఆయన తప్పు అన్నవాడి నోరు పడిపోవాలి. దింపాడమ్మా. కానీ ముందు భాగం రెండు ముక్కలైంది. మా నాన్న అక్కడికక్కడే పోయాడు. నా కాలు సీటు కింద ఇరుక్కుంది. ఎవరో వచ్చి, ఉత్త చేతుల్తో ఆ ఇనుము వంచి, నన్ను లాగి, భుజాన వేసుకుని బురదలో నడిచారు. మోకాటిలోతు బురద. వెనక కాలుతున్న వాసన. నేను అబ్బా అబ్బా అని ఏడుస్తుంటే, ఆయనా ఏడుస్తున్నాడు. చేపల వాళ్ల గుడిసెలు కనపడేదాకా దింపలేదు."

ఆయన పొట్టికాలు తడుముకున్నాడు.

"ఖాకీ చొక్కా," అన్నాడు. "నూనె చేతులు."

స్వర్ణలత క్లాసులో తప్పు జవాబు చెప్పిన పిల్లవాడితో మాట్లాడినట్టు, చాలా ఓపిగ్గా మాట్లాడింది.

"సాహెబ్‌గారూ, మీరప్పుడు చిన్నపిల్లాడు. దెబ్బ తగిలి ఉంది. ఎవరినో చూసి ఎవరో అనుకున్నారు. మా నాన్న సమాధి రేపల్లెలో ఉంది. ప్రతి ఈస్టరుకీ సున్నం వేయిస్తాను. ముఖం గుర్తుపట్టలేకపోయినా, చేతికి వాచీ ఉంది. ఇదిగో ఈ వాచీ. వెనక పేరుంది. ఇది చూసే కదా కంపెనీవాళ్లు శవాన్ని మా ఇంటికి పంపారు."

"ఇటివ్వమ్మా."

ఆవిడ ఇవ్వలేదు. చెయ్యి చాపి చూపించింది. ఆయన తాకకుండానే వంగి చూశాడు. ఆ చూపులో కొత్తదాన్ని చూస్తున్న జాడ లేదు.

"మద్రాసులో బయల్దేరేముందు కెప్టెన్‌గారి వాచీ ఆగిపోయింది. విమానం ముందు గదిలోంచి బయటికొచ్చి, లాజరూ, నీది ఒకసారి ఇస్తావా, బెజవాడలో ఇచ్చేస్తానన్నాడు. మామగారు పెట్టిన వాచీ సార్, జాగ్రత్త అన్నాడు మీ నాన్న. మా నాన్న నవ్వాడు. అల్లుళ్లందరూ అంతే, మామగారి వాచీ అంటే ప్రాణం, అన్నాడు. మా నాన్న నవ్వడం నేను చూసింది అదే ఆఖరు. అందుకే గుర్తుంది."

ప్రమీల బుర్ర, అలాంటప్పుడు బుర్రలు చేసే పనికిమాలిన పనే చేసింది. రేపల్లెలో ఆదివారం ఆవిష్కరించబోయే రాయిని కళ్లముందు నిలబెట్టింది. ఆ రాయి మీద హోదా సరైనదే. కింద పడుకున్నాయన నిజంగానే కెప్టెన్. పేరే తప్పు.

"అయితే ఇన్నేళ్లూ నేను సున్నం వేయించింది..." అంది స్వర్ణలత.

"డిమెల్లోగారికమ్మా. ఆయన ఇంటివాళ్లకి సముద్రం తీసుకుపోయిందని చెప్పారంట. వాళ్లకి సమాధి లేదు."

బయట రైలు వెళ్లింది. ఆ ఇంట్లో రైలు వెళ్లేటప్పుడు ఎవరూ మాట్లాడరు, గిన్నెలు కూడా కాసేపు మోగి ఊరుకుంటాయి. అది దాటిపోయేదాకా స్వర్ణలత వాచీని కుడి అరచేతితో మూసి పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి తీసేస్తే ఆ వాచీ ఎవరిదో అడగడానికి ఎవరైనా వస్తారన్నట్టు.

"బతికున్నాడన్నమాట," అంది చివరికి. ఆ మాటలో సంతోషం వెతికినా లేదు. "ఎన్నేళ్లు?"

"చాలా ఏళ్లు. ఇక్కడే, సముద్రం ఒడ్డునే. వేరే పేరుతో. పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఏ ఇంజను ముట్టుకున్నా, అది నడిచి తిరిగి ఒడ్డుకి వచ్చేదాకా అన్నం తినేవాడు కాదు. నా కాలు కట్టు విప్పినప్పట్నుంచి నెలకోసారి వచ్చి నన్ను చూసి వెళ్లేవాడు. నేను లాజరు మామూ అనేవాణ్ని. ఇంటి గడప లోపల మాత్రమే. బయట అలా పిలవకూడదని మా నానమ్మ ఒట్టేయించుకుంది."

"అడవులదీవి నుంచి రేపల్లె ఎంత దూరం?" అంది స్వర్ణలత. ఆవిడ గొంతు పెరిగింది. "చెప్పండి. మీకు తెలుసుగా. పొద్దున బయల్దేరితే భోజనానికి ఇంటికి రావచ్చు. నేను స్కూల్లో తండ్రి పేరు రాసేచోట పేరుకి ముందు 'కీర్తిశేషులు' అని రాయడం ఎన్నో ఏట నేర్చుకున్నానో తెలుసా మీకు? అక్షరాలు రాకముందే. మా అమ్మ పలకమీద రాయించింది. ఆయన పడవలు బాగుచేసుకుంటూ కూర్చున్నాడా? నేను పుట్టానని తెలుసా ఆయనకి?"

"తెలుసు."

"తెలిసీ రాలేదా?"

"అమ్మా, ఊరుకో," అని ప్రమీల చెయ్యి పట్టుకుంది. స్వర్ణలత విదిలించేసింది.

"అంతమందిని చంపిన కాగితం మీద సంతకం పెట్టి, దాక్కున్నాడు. అంతేగా? పోలీసులు పట్టుకుంటారని. ఇక్కడ మేం ఆయన్ని కెప్టెన్ని చేసి రాయి చెక్కిస్తుంటే." ఆవిడ ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని ప్రమీలకి అనిపించింది. "ఆ ఇంజినీరు రాసింది ఎక్కువేం కాదు. తక్కువే రాశాడు."

"దాక్కోలేదమ్మా," అన్నాడు నన్నే సాహెబ్.

"మరేం చేశాడు?"

పెద్దాయన కూతురి వైపు చూశాడు. మెహరున్నీసా తల అడ్డంగా ఊపింది.

"వద్దబ్బా. ఇంతదాకా చెప్పావు, చాలు. పెద్దమ్మ పరిస్థితి చూడు. వాళ్ల ఇంటి సంగతి అది."

"ఆదివారం రాయి పెడుతున్నారు బేటీ. మనుషుల నోట్లో ఉన్న అబద్ధం మనుషులతో పోతుంది. రాతి మీద పెట్టాక దిద్దేవాడుండడు. అందుకే వీళ్లు ఫోన్ చేస్తే వద్దనలేదు." ఆయన చేతికర్ర పట్టుకుని లేవబోయి, లేవలేక, కుర్చీలోనే ముందుకి జరిగాడు. "టీచరమ్మా, మీ టీచర్లు అబద్ధం చెప్పేవాళ్లని కళ్లు చూసి పట్టేస్తారంట. నా కళ్లలోకి చూడండి."

స్వర్ణలత చూసింది.

"ఆయన వచ్చాడు. మూడోరోజునే, రేపల్లె దాకా వచ్చాడు. చర్చి వెనక, సమాధుల తోట గోడ అవతల నిలబడ్డాడు. లోపల ఆయన పేరు మీదే ప్రార్థన జరుగుతోంది. లోపలికి ఒక మనిషిని పంపాడు. మా అమ్మ, భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, గడప దాటకూడదు. అందుకని మా నానమ్మ వెళ్లింది, బురఖా వేసుకుని. కొడుకు పోయి మూడు రోజులే అయింది. అయినా వెళ్లింది. నా మనవణ్ని మోసుకొచ్చినవాడు, ఆయన కోసం ఈ మాత్రం చేయలేనా అని."

"ఎవరి దగ్గరికి వెళ్లింది?"

అడిగింది స్వర్ణలతే. కానీ అడుగుతున్నప్పుడే ఆవిడ ముఖం మారిపోవడం ప్రమీల చూసింది. కొన్ని ప్రశ్నలకి జవాబు నోరు తెరవకముందే వచ్చేస్తుంది.

"మీ అమ్మ విజయమ్మగారి దగ్గరికి. నల్లటి పెట్టె పక్కనే ఉందావిడ. మా నానమ్మ చెవిలో చెప్పింది, ఇందులో ఉన్నది నీ భర్త కాదు బిడ్డా, నీ భర్త గోడ అవతల ఉన్నాడు, లేచి రా, అని."

"మా అమ్మకి తెలుసా?" అంది స్వర్ణలత. ఆ గొంతు డెబ్భై మూడేళ్ల హెడ్‌మిస్ట్రెస్‌ది కాదు. పలక పట్టుకున్న పిల్లది.

"మొత్తం వింది. గోడ వైపు ఒక్కసారి చూసింది. ఆయన కనపడ్డాడు కూడా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారని మా నానమ్మ చచ్చేదాకా చెప్తూనే ఉంది."

"చూసి?"

"చూసి, అటు తిరిగి పాస్టరుగారితో అంది, ఇక ఆలస్యం దేనికండీ, దించేయండి, అని. మొదటి పిడికెడు మట్టి వేసింది మీ అమ్మే."